కనుబొమ్మ మీది గాటు

నాకు కళ్ళు మూసుకుంటే చీకటే. బాధతో అంటున్న మాట కాదిది. యాభై దాటేదాకా అందరికీ అంతేననుకున్నాను, అనుకుని హాయిగా బతికాను కూడా.

చిన్నప్పుడు ఆదివారపు బడిలో అయ్యగారు "కళ్ళు మూసుకోండి పిల్లలూ, సిలువ మీద ప్రభువును చూడండి" అనేవారు. నేను మూసుకునేదాన్ని. రెప్పల వెనక కాసేపు ఎర్రగా, తర్వాత నల్లగా, అంతే. అయ్యగారి మాటను నేను తప్పుపట్టలేదు. గుండె కరిగిపోయింది అంటాం, ఎవరి గుండే కరగదు. వింటుంటే కడుపు నిండింది అంటాం, మెతుకు తినకుండానే. "చూడండి" అన్నదీ అలాంటి మాటేననుకున్నాను. ఆ నలుపులోనే ప్రార్థన చేసుకున్నాను, వినేవాడు విన్నాడు. ఆయన రూపం చూడాలన్న ఆరాటం నాకెప్పుడూ కలగలేదు. ఉన్నాడని తెలుసు, చాలు.

లోకంలో చాలామంది నిజంగానే చూస్తారని నాకు మా చెల్లె వల్ల తెలిసింది.

అమ్మ పోయిన కొన్నాళ్ళకు, ఆమె చీరలు పంచుకోవడానికి చెల్లె కొల్లూరు నుంచి వచ్చింది. అక్కడ ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో దానికొకటి వచ్చింది. లిఫ్టు నడిచిన రోజు రాణిలా ఉంటుంది, నడవని రోజు ఫోన్‌లో నాకు మెట్లన్నీ ఎక్కి వినిపిస్తుంది. నేనుండేది కర్దనూర్‌లో. ముందు గదిలో స్కూలు యూనిఫారాలు కుట్టే మిషను, దాని పక్కనే అమ్మ చివరి నాలుగేళ్ళు పడుకున్న మంచం. ఆ మంచం మీదే కూర్చుని చీరలు మడత పెడుతున్నాం. చెల్లె పెదవి కింద తంబాకు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఎవరూ చూడకుండా నమిలిన మనిషి, మనవరాలు పుట్టాక కూడా అమ్మ చూపు తగిలితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎవరికీ భయం లేక అందరి ముందూ నములుతోంది.

"కండ్లు మూస్తే చాలక్కా," అంది. "అమ్మ ఎదురుంగ నిలవడ్తది."

"యాదికొస్తదంటవ్."

"యాదికొచ్చుడు కాదే. కనవడ్తది. గా ఆకుపచ్చ చీర కట్టుకొని, చేట చేతుల వట్టుకొని."

"చీర అంచు కూడా కనవడ్తదా?"

కళ్ళు మూసుకుంది. "ఎర్రది. జెర ఎలిసింది. కొంగు కాడ పసుపు మరక."

నేను చేతిలో చీరను పక్కన పెట్టాను. "నిజం చెప్పు, ఆట పట్టిస్తున్నవా?"

"నాకేం పనిలేదా! నీకేం కనవడ్తది మరి?"

"ఏం లేదు. నల్లగ."

"టీవీ బంద్ చేసినట్టా?"

"బంద్ చేసినట్టు గాదే. అసలు టీవీనే కొననట్టు."

చెల్లె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు నన్ను చూసింది. "అయ్యో అక్కా! నాలుగేండ్లు నువ్వే ఎత్తి, నువ్వే పండవెట్టి, నువ్వే మొకం కడిగితివి. మరి అమ్మ నీ దగ్గర లేనే లేదా?"

ఆ మాట నాకు గుచ్చుకోలేదంటే అబద్ధం. ఆ రోజంతా కుట్టుకుంటూ కుట్టుకుంటూ కళ్ళు మూసి చూశాను. అమ్మ రాలేదు. కానీ మిషను ఆపినప్పుడు మంచం వైపు చెవి పెట్టడం నేను మానలేదు, మధ్యాహ్నం మందు వేళకు లేచి నిలబడటమూ మానలేదు. దగ్గర లేకపోతే ఇదంతా ఎవరి కోసం?

మా అమ్మాయి సంగారెడ్డిలో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతుంది. దానికి ఫోన్ చేసి అడిగాను. అది గాబరా పడలేదు. "అట్లాంటోళ్ళు ఉంటరమ్మా, అది రోగం కాదు" అంది. దానికి ఇంగ్లీషులో ఉన్న పేరును కొత్త కూర పేరు చెప్పినట్టు తేలిగ్గా అనేసి, పాఠం చెప్పే గొంతులోకి దిగింది. "గుండె ఉంది గదా, దాని పనేంది? రక్తాన్ని తోసుడు. కొట్టుకుంటుంటే చప్పుడైతది. ఆ చప్పుడు గుండె పని కాదు, పని చేస్తుంటే వచ్చేది. మనసుల కనవడే బొమ్మలు కూడ అట్ల చప్పుడు లాంటియేనా, లేకుంటే వాటికే ఒక పని ఉందా అని పెద్దపెద్దోళ్ళు ఇంకా కొట్లాడుతున్నరు."

"ఇంకా తేలలేదా?"

"తేలలేదు. నీకు తేలితే నాకు చెప్పు, పిల్లలకు చెప్త."

అది వెటకారంగానే అంది. నేను మాత్రం దాన్ని పనిగా తీసుకున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం, ఊరి నుంచి బడిదాకా దుమ్ములో నడిస్తే ఆ రోజుకు ఊపిరి అందేది కాదు. అమ్మ హాస్టల్లో ఉండి అయిదు వరకు చదివింది. చేటలో జొన్నపిండి పల్చగా పరిచి, నా వేలు పట్టుకుని అందులో అక్షరాలు దిద్దించేది. చేటను ఒక్కసారి కుదిపితే అక్షరం పోయి పిండి మళ్ళీ చదునయ్యేది. చెల్లె బడికి పోయి పలక మీద నేర్చుకున్నది, నేను పిండిలో నేర్చుకున్నాను. ఆ పిండితోనే తర్వాత రొట్టెలు చేసేది అమ్మ. నేను నేర్చుకున్న ప్రతి అక్షరాన్నీ తిన్నాను. ఇంత గొప్ప బడి ఇంకెవరికి దొరికింది? ఆ కృతజ్ఞత నాలో ఇప్పటికీ తగ్గలేదు. చెల్లె అక్షరాన్ని తలచుకుంటే దానికి అక్షరం కనిపిస్తుందట. నాకు వేలు కదులుతుంది.

కాబట్టి మా అమ్మాయి అడిగిన దాని గురించి వంటింట్లోనే ఆలోచించాను. కుక్కరు విజిల్ వేస్తుంది. విజిల్‌తో పప్పు ఉడకదు, లోపలి వేడితో ఉడుకుతుంది. విజిల్ ఊరికే బయటికి పోయే ఆవిరి. కానీ నేను ముందు గదిలో కుట్టుకుంటూ విజిల్‌ను బట్టే పొయ్యి ఆపుతాను. అంటే కుక్కరుకు అక్కర లేని చప్పుడుకు నా వల్ల ఒక పని పుట్టింది. విజిల్ లేని గిన్నెలో వండేవాళ్ళు మూత తీసి, మెతుకు నొక్కి చూస్తారు. వాళ్ళ ఇంట్లోనూ అన్నం ఉడుకుతుంది. నాది మూత తీసి చూసే వంట, అంతే తేడా.

ఇంకో మాట కూడా తోచింది. పని ఉన్నదానికే చెడటం అనేది ఉంటుంది. కంటికి చూడటం పని గనుక చూపు పోతే కన్ను చెడింది అంటాం. మోకాలు గుడ్డిదైందని ఎవరూ అనరు. నా మనసుకు బొమ్మ చూపించడమే పని అని తేలితే కదా అది చెడిందని అనాల్సింది! నేను దారి మరిచిపోలేదు, మనిషిని మరిచిపోలేదు, పసిపిల్లల కొలత ఒక్కసారి చూసి ఫ్రాకు కుడతాను. ఏది చెడినట్టు? ఇక్కడిదాకా నాకు ధైర్యంగానే ఉంది.

చిక్కు రాయి దగ్గర వచ్చింది.

మా వాళ్ళలో మనిషి పోయి ఏడాది నిండేసరికి సమాధి మీద నల్ల గ్రానైటు పలక పెట్టి, పేరుతో పాటు ముఖం కూడా చెక్కిస్తారు. ఇప్పుడు అది మిషనుతోనే అవుతుంది. ఫొటో ఇస్తే చాలు, అచ్చు దిగుతుంది. ఒకసారి దిగాక చెరిపేది లేదు. కొండాపూర్ వైపు మా ఊరి సమాధుల తోటలో అట్లా వరసగా ముఖాలు ఉంటాయి. పండుగ రోజు కొవ్వొత్తులు పెట్టినప్పుడు పిల్లలు "ఈమె ఎవరు, ఈయన ఎవరు" అని అడుగుతూ తిరుగుతారు, పెద్దవాళ్ళు ముఖాలు చూపిస్తూ కథలు చెబుతారు.

అమ్మకు ఫొటో లేదు. ఫోన్ ఎత్తితే చాలు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. "నన్నెందుకు తీస్తర్రా, చెట్టును తీసుకోండ్రి" అనేది. ఆధార్ కార్డులో ఉన్నది ముఖం కాదు, సిరా మరక. అది పట్టుకుని పింఛను ఎట్లా ఇచ్చారో ఆ దేవుడికే తెలియాలి. పెట్టెలో పడుకోబెట్టాక తీసినవి ఉన్నాయి గానీ ఆ ముఖం రాయి మీద వద్దని మా ఇద్దరిదీ ఒకటే మాట. మిగిలింది చెల్లె కొల్లూరు ఇంట్లో పాలు పొంగించుకుని ప్రార్థన పెట్టుకున్న రోజుది. అందులో అమ్మ కొంగు అడ్డం లేదు. కానీ క్లిక్‌మన్న క్షణంలోనే ఎవరినో కసరడానికి తల తిప్పింది. ముఖమంతా గీతలు గీతలుగా సాగి ఉంటుంది.

ఆ ఫొటో తీసుకుని ఇద్దరం పటాన్‌చెరులో హైవే పక్కన ఫ్లెక్సీలు వేసే దుకాణానికి పోయాం. దుకాణదారుది మా ఈడే, నోరు మంచిది. లోపల ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఆరేసి ఉంది, గుమ్మం నుంచి గోడదాకా నవ్వే.

"పరేషాన్ గాకు అక్కా," అన్నాడు. "ఇప్పుడు యాప్‌లొచ్చినయ్. గీ సాగిన మొకాన్ని అట్ల పెడితే ఇట్ల సాఫ్ చేసిస్తది."

పెట్టాడు. చక్రం తిరిగింది. ముఖం వచ్చింది.

చెల్లె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అమ్మా! గదే అమ్మ! నా తల్లి సల్లంగ నవ్వుతున్నది సూడక్కా!"

నేను చూశాను. నున్నటి నుదురు, దిద్దినట్టున్న కనుబొమ్మలు, తడి పెదవులు. చాలా అందమైన ఆడమనిషి. నాకు ఆమె ఎవరో తెలియదు.

"ఈమె ఎవరు?" అన్నాను.

చెల్లె ఏడుపు ఆపింది. "ఎవరేంది? అమ్మ!"

"కాదు."

"కాదా! కండ్లు మూస్తే నల్లగ అంటివి. నీకు అమ్మ మొకమే కనవడనప్పుడు ఇది అమ్మ కాదని నీకెట్ల తెలిసె?"

దుకాణదారు నా వైపు తిరిగాడు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది అతనికి. "అవునక్కా, ఎట్ల?"

"చేదెక్కిన సొరకాయ రుచి ఎట్లుంటదో ఇప్పుడు నీ నాలుక మీదికి తెచ్చుకో," అన్నాను. "వచ్చిందా?"

అతను నోరు చప్పరించి చూశాడు. "రాలే."

"కొరికితే తెలుస్తదా, తెల్వదా?"

"తెలుస్తది."

"నాకూ గంతే."

అతను నవ్వాడు గానీ చెల్లె నవ్వలేదు. "నా ఏడుపు నీకు సొరకాయ లెక్క ఉన్నది. నాకు మనసు నిమ్మలమైంది, నీకేం పోయింది?" అని ఆ ఫొటోను తన ఫోన్‌లోకి ఎక్కించుకుని ఆటో ఎక్కింది. రాళ్ళు చెక్కే అతను వచ్చే వారానికల్లా ఫొటో ఇమ్మన్నాడు. లేకపోతే జ్ఞాపకార్థ కూడికకు పలక అందదు.

ఇంటికి వచ్చి దాని మాటే ఆలోచించాను. చెల్లె అన్నది చిన్న మాట కాదు. బొమ్మ పని ఓదార్చడమే అయితే ఆ నున్నటి ముఖం తన పని బ్రహ్మాండంగా చేస్తోంది, నేను అడ్డుపడటం పాపం. బొమ్మ పని అమ్మలా ఉండటం అయితే అది తప్పింది. ఏది దాని పని? ప్రార్థనలో కూడా అదే అడిగాను. నా తప్పు ఉంటే చూపించు ప్రభువా, చెల్లె తప్పు ఉంటే నాకు మంచి మాట ఇయ్యి, కొట్లాట మాత్రం వద్దు అని. జవాబు నేను అనుకున్న చోట రాలేదు, కొల్లూరులో వచ్చింది.

ఆ శుక్రవారం చెల్లె ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన. కూడిక అయిపోయి, ఇచ్చిన మిక్చరు తిని అందరూ వెళ్ళిపోయాక చెల్లె నన్ను కూర్చోబెట్టుకుంది. కోపం తగ్గింది.

"మొన్న కలలకొచ్చిందక్కా అమ్మ. గిట్లనే, నున్నగ, తెల్లగ." ఫోన్ తీసి చూపించింది. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ ముఖమే వచ్చేటట్టు పెట్టుకుంది.

నాకు ఎందుకో భయం వేసింది. "చెల్లె, కండ్లు మూసుకో. అమ్మ కనవడ్తుందా?"

"ఆ."

"కుడి కనుబొమ్మ సూడు. గాటు ఉందా?"

రెప్పల కింద దాని కళ్ళు కదిలాయి. వెతుకుతోంది. "గాటేంది? లేదు. సాఫ్‌గుంది."

"లేకుండెనా?"

"లేకుండె."

ఆ గాటు దీని వల్ల పడిందే. చిన్నప్పుడు చింతకాయల కోసం రాయి విసిరితే అది కొమ్మకు తగిలి, కింద ఏరుతున్న అమ్మ కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కారుతున్నా అమ్మ చింతకాయలు ఒడిలోంచి వదల్లేదు. మానాక అక్కడ వెంట్రుకలు మొలవలేదు, గీతలాగా ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెల్లె స్వయంగా చెప్పుకునే కథ అది: "మా అమ్మ మొకం మీద సంతకం పెట్టింది నేనే." ఆ చెల్లె, కళ్ళెదుట అమ్మను నిలబెట్టుకుని, గాటు లేదంటోంది. అంత స్పష్టంగా చూస్తోంది గనుకే అంత గట్టిగా లేదంటోంది. నాకు అమ్మ కనబడదు గనుక నా దగ్గర మార్చడానికి ఏమీ లేదు. చెల్లెకు కనబడుతుంది గనుక ఎవరో వచ్చి, ఉన్న అమ్మను దింపి వేరే ఆమెను కూర్చోబెట్టి పోయారు. దానికి తెలియనైనా లేదు.

అప్పుడే ఇంకొకటి చూశాను. చెల్లె ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఆ ముఖం వైపు చూస్తూనే, పొట్లం విప్పి చిటికెడు తంబాకు పెదవి కింద దోపుకుంది. నిదానంగా, నిమ్మళంగా.

నాకు తేలిపోయింది. మా అమ్మ ముఖం చూస్తూ తంబాకు వేసుకున్న మనిషి మా ఇంట్లో పుట్టలేదు.

"రేపు నాతోని దుకాణానికి రా," అన్నాను. "ఒక్కసారి. నీకు నచ్చకుంటే గీ ఫొటోనే రాయి మీద చెక్కిద్దాం. నా నోటి నుంచి మల్ల మాట రాదు."

"ఒట్టా?"

"ఒట్టు వెట్టుకోవద్దన్నడు ప్రభువు. మాట అంటే మాటే."

తెల్లారి వచ్చింది. రావడం వచ్చింది గానీ లోపలికి రాలేదు. దుకాణం బయట స్టూలు వేసుకుని, మూతి ముడుచుకుని, హైవే మీద లారీలు చూస్తూ కూర్చుంది.

"మల్ల వచ్చినవా అక్కా," అన్నాడు దుకాణదారు. "చెప్పు, ఇంకా తెల్లగ చెయ్యాల్నా?"

"యాప్ తీసెయ్. సాగిన ఫొటోనే పెట్టు. నేను చెప్పినట్టు నువ్వు సవరించు."

"నీకు కనవడదంటివి గదా!"

"కనవడదు. చెయ్యికి తెలుసు."

నాలుగేళ్ళు పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో పాత చీర ముక్క ముంచి అమ్మ ముఖం తుడిచిన చెయ్యి అది. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, ఎదురుగా అమ్మ ఉన్నట్టే చెయ్యి ఎత్తాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు, అనుకోనీ. నుదుటి నుంచి మొదలుపెట్టాను. నుదురు వెడల్పు, బట్ట రెండుసార్లు తిరగాలి. కణత దగ్గర వేళ్ళు లోపలికి దిగుతాయి.

"గుంట పెట్టు. ఇంకా లోతుకు. గంత గాదు."

"అందరు ముడుతలు తియ్యమని వస్తరు," అన్నాడు అతను మౌస్ కదుపుతూ. "లీడర్లకు గదుమ కింద మాంసం తీసీ తీసీ నా చెయ్యి వడిపోయింది. పెట్టమన్నది నువ్వొక్కదానివే."

కుడి కనుబొమ్మ దగ్గర బట్ట ఎప్పుడూ ఆగేది. అక్కడ వేలి కొసతో మెల్లగా తుడవాలి. గాటులో చర్మం పల్చన. ఆ చోటు చెప్పాను. చెంప ఎముక గట్టిది, దాని కింద చెంప ఖాళీ. పైవరసలో ఎడమ పక్క పన్ను లేదు, అందుకని పెదవి అటువైపు కొంచెం లోపలికి. ఒక్కొక్కటీ చెబుతుంటే అతను పెడుతున్నాడు, కళ్ళు తెరిచి చూసి నేను కాదంటున్నాను.

"గిట్లనా?"

"కాదు."

"ఇప్పుడు?"

"కాదు. పెదవి ఎక్కువైంది, ఎనకకు తే."

మధ్యలో ఎవరో పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చి, జల్దీ కావాలని తొందర పెట్టి, మా పని చూస్తూ తొందర మరిచిపోయి పక్కన నిలబడ్డాడు. "కండ్ల కింద సంచులు పెట్టండన్నా," అని సలహా కూడా ఇచ్చాడు. నాకు కోపం రాలేదు. నిజమే, సంచులు ఉండేవి.

ఎప్పుడు కుదిరిందో చెప్పమంటే చెప్పలేను. ఏ బొమ్మతోనూ పోల్చి చూడలేదు, పోల్చడానికి నా దగ్గర బొమ్మ లేదు. అతను కనుబొమ్మ దగ్గర ఏదో కొద్దిగా కదిపాడు, తెర మీద ముఖం నన్ను చూసింది, నా నోట్లోంచి "నీళ్ళు తాగుతవా?" అని వచ్చేసింది.

దుకాణదారు తల తిప్పాడు. "నాకాక్కా?"

"నీకు గాదు," అన్నాను. "ఇగ ఆపు. ముట్టకు."

అతనికి అర్థమైంది. చెయ్యి మౌస్ మీంచి తీసేసి బయటికి కేకేశాడు. "ఓ చిన్నక్కా, జెర లోపలికి రా!"

చెల్లె వచ్చింది. రావడమే నములుతూ వచ్చింది, "అయ్యిందా మీ ఆట" అని ఏదో అనబోయింది. తెర చూసింది.

దాని చెయ్యి నోటికి పోయింది.

అంత వేగంగా చెల్లె కదలడం నేను ఈ మధ్య చూడలేదు. వెనక్కి తిరిగి, గుమ్మం దాటి, మోరీ కాలువ దగ్గర ఉమ్మేసి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి పుక్కిలించింది. ఒకసారి కాదు. తర్వాత కొంగు తల మీద కప్పుకుని లోపలికి వచ్చి, తెరకు కొంచెం దూరంగా నిలబడింది. కళ్ళు కిందికి.

"ఎందుకు ఉమ్మేసినవ్?" అని అడిగాను.

"ఏమో." నిజంగానే తెలియని గొంతు. మెల్లగా తల ఎత్తింది. వేలు తన సొంత కనుబొమ్మ మీదికి పోయింది. "అక్కా... చింతకాయలు. నేనే గదా కొట్టింది."

"నువ్వే."

"మరి మొన్న లేదన్ననెందుకు?"

"ఇంకొకామె మొకంల వెతికినవ్, ఎట్ల దొరుకుతది?"

చెల్లె ఏడవలేదు. నున్నటి ముఖాన్ని చూసి ఏడ్చినంతగా కూడా ఏడవలేదు. ఆ ముఖం ముందు ఏడ్వడం మా ఇంట్లో అలవాటు లేదు. "ఏడ్చేదుంటే పని చేస్కుంట ఏడు" అనేది అమ్మ. చెల్లె తన ఫోన్ తీసి, పాత ఫొటోను తానే తీసేసింది. దుకాణదారు కొత్తది పంపించాడు. ఫ్లెక్సీ కోసం వచ్చిన అతను "పెద్దమ్మ గట్టిదే ఉన్నట్టుంది" అని నాతో గుసగుసలాడాడు.

మా అమ్మాయికి ఫోన్ చేసి, నాకు తేలింది రాసుకో అన్నాను. బొమ్మ పని చూపించడం కాదు. ఓదార్చడమూ కాదు, ఓదార్పు ఎవరి ముఖమైనా ఇస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే మనం ఏం చేస్తామో, లేనప్పుడు కూడా అది చేయించడం దాని పని. చెల్లెకు ఆ పని బొమ్మ చేస్తుంది. నాకు బొమ్మ లేకుండానే జరిగిపోతుంది, నేను మందు వేళకు లేచి నిలబడతాను. నోరు కడిగించలేని బొమ్మ అమ్మ బొమ్మ కాదు.

"పరీక్షల గిట్ల రాస్తే మార్కులు పడవమ్మా," అంది అది. ఫోన్ పెట్టే ముందు, "కానీ బాగుంది" అంది.

పలక కూడిక రోజుకు అందింది. ఊళ్ళో సమాధుల తోటలో అయ్యగారు ప్రార్థన చేసి, అందరూ భోజనాలకు కదిలాక మేమిద్దరమే మిగిలాం. రాళ్ళు చెక్కే అతను శుభ్రంగా చేశాడు: నల్ల రాయి మీద బూడిద రంగు చుక్కలు చుక్కలుగా అమ్మ, కుడి కనుబొమ్మలో తెగిన గీత. నేను కళ్ళు మూసుకుని చూశాను. ఎప్పటిలాగే నలుపు. తండ్రీ, నీకు స్తోత్రం, ఈ నలుపు నాకిచ్చినందుకు, చెల్లెకు వెలుగు ఇచ్చినందుకు, మా ఇద్దరికీ ఒకే అమ్మను ఇచ్చినందుకు అని చెప్పుకున్నాను.

సిమెంటు దుమ్ము ఇంకా రాయి మీద ఉంది. సీసాలో నీళ్ళు కొంగు కొసకు తడిపి తుడిచాను. నుదురు, కణత, చెంప. పలక నున్నగానే ఉంది, ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. అయినా కుడి కనుబొమ్మ దగ్గర నా చెయ్యి ఆగి, వేలి కొసతో మెల్లగా తుడిచింది.

తిరిగి చూస్తే చెల్లె కొంగు తల మీద కప్పుకుని, చేతులు రెండూ బయటికి కనిపించేటట్టు పెట్టుకుని నిలబడి ఉంది.

"నేనేం నములుత లేను," అంది.

నాతో కాదు.